వాషింగ్టన్ స్తంభం మీది రంగు గీత యుద్ధం గీసింది కాదు

సంపాదకుల గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికా రాజధాని నడిబొడ్డున ఉన్న వాషింగ్టన్ స్మారక స్తంభం మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఫొటో చక్కగా ఉంది. స్తంభంలో పావు వంతుకు కాస్త పైన రాయి రంగు మారే చోటు కూడా అందులో స్పష్టంగా కనిపిస్తోంది. అయితే ఆ ఫొటో కింద ‘అంతర్యుద్ధం మిగిల్చిన గుర్తు’ అని వేసిన మాట సరైనది కాదు. అమెరికా అంతర్యుద్ధం మొదలైంది 1861లో. స్తంభం పని కుంటుబడింది 1854లో. ఈ ఏడేళ్ల తేడా చిన్నదిగా కనిపించవచ్చు గానీ, తప్పంతా యుద్ధం మీదికి నెట్టేస్తే అసలు పని ఎవరి వల్ల ఆగింది, ఎందుకు ఆగింది అన్న ప్రశ్నే పాఠకుడికి తట్టకుండా పోతుంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైనందుకు మన్నించండి.

నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వాణ్ని. నేను ఉద్యోగంలో చేరేనాటికి నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట పూర్తయి చాలాకాలమైంది. కానీ అక్కడ రాళ్లు పేర్చిన మేస్త్రీల దగ్గర పని నేర్చుకున్నందువల్ల, రాతి కట్టడం ఏది కనబడినా ముందు దాని అతుకులూ వరసలూ చూడటం అలవాటైపోయింది. మా అబ్బాయి వర్జీనియాలో ఉంటాడు. అతని దగ్గరికి వెళ్లినప్పుడు రెండుసార్లు ఈ స్తంభాన్ని దగ్గరగా చూశాను. మొదటిసారి స్తంభం చుట్టూ ఉన్న బెంచీ మీద కూర్చుని మెడ వెనక్కి వాల్చి చూస్తుంటే, పక్కన కూర్చున్న తెనాలి పెద్దమనిషి ఒకాయన, ఆయనా నాలాగే పిల్లల దగ్గరికి వచ్చినవాడే, ఆ రంగు తేడా చూపించి, ‘మధ్యలో కాంట్రాక్టరు మారినట్టున్నాడండీ’ అన్నారు. నవ్వుకున్నాం గానీ, ఆ తర్వాత విషయం చదువుకుంటే ఆయన మాట మీ ఫొటో కింది మాట కన్నా నిజానికి చాలా దగ్గరగా ఉందని తేలింది.

అసలు జార్జ్ వాషింగ్టన్‌కు స్మారకం కట్టాలన్న ఆలోచన ఆయన బతికి ఉండగానే పుట్టింది. స్వాతంత్ర్య యుద్ధం ముగిసిన 1783లోనే, గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఒకటి పెట్టాలని అప్పటి జాతీయ ప్రతినిధుల సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్ తీర్మానించింది. రాజధాని నగరానికి నక్షా గీసిన ఫ్రెంచి ఇంజనీరు లాన్‌ఫాన్ 1791లో దానికి చోటు కూడా గుర్తించాడు. 1799 డిసెంబరు 14న వాషింగ్టన్ కన్నుమూశాక విగ్రహం మాట పోయి సమాధి మాట వచ్చింది. అమెరికా పార్లమెంటు ఉండే కాపిటల్ భవనం కింద ఆయన భౌతికకాయాన్ని ఉంచడానికి గదిని కూడా కట్టారు. 1832లో ఆయన శతజయంతి సందర్భంగా కాయాన్ని తరలిస్తామంటే ఆయన సొంత ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లోని కుటుంబం ఒప్పుకోలేదు. ఆ గది నేటికీ ఖాళీగానే ఉంది. అదే ఏడాది హొరేషియో గ్రీనో అనే శిల్పికి పాలరాతి విగ్రహం పని అప్పగిస్తే, ఆయన వాషింగ్టన్‌ను గ్రీకు దేవుడు జ్యూస్ మాదిరిగా, నడుము పైన బట్ట లేకుండా, ఒక చేయి ఆకాశానికి ఎత్తి కూర్చోబెట్టి 1841లో పంపాడు. పేటెంట్ ఆఫీసులో ప్రదర్శనకు పెట్టిన తన దుస్తుల కోసం చేయి చాస్తున్నాడని జనం హాస్యమాడారు. విగ్రహాన్ని కాపిటల్ లోపలి నుంచి ఆరుబయటికి, అక్కడి నుంచి చివరికి మ్యూజియంకు చేర్చారు. ఒక నాయకుణ్ని గౌరవించడానికి రాయి ఎత్తినంత మాత్రాన గౌరవం దక్కదని అమెరికన్లకు అప్పుడే అనుభవంలోకి వచ్చింది.

ప్రభుత్వం ఎటూ తేల్చకపోవడంతో 1833లో రాజధాని పౌరులు కొందరు వాషింగ్టన్ జాతీయ స్మారక సంఘాన్ని స్థాపించారు. దీనికి మొదటి అధ్యక్షుడు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్. ఆయన తర్వాత మాజీ దేశాధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ ఆ బాధ్యత తీసుకున్నారు. సంఘం పెట్టుకున్న నియమం ఒకటి నాకు బాగా నచ్చింది: ఒక మనిషి దగ్గర ఏడాదికి ఒక డాలరు మించి తీసుకోకూడదు. ధనవంతుల పేర్లు ముందు వరసలోకి రాకుండా, ప్రతి ఇంటి నుంచీ ఒక రాయి పడినట్టు ఉండాలన్నది వారి ఉద్దేశం. ఉద్దేశం గొప్పదే గానీ డబ్బు రాలలేదు. 1836 నాటికి చేతికి వచ్చింది 28,000 డాలర్లు మాత్రమే. ఆ తర్వాత నియమాన్ని సడలించక తప్పలేదు.

నమూనా గీసినవాడు రాబర్ట్ మిల్స్. అంతకుముందు బాల్టిమోర్‌లో వాషింగ్టన్ స్తంభాన్ని కట్టిన వాస్తుశిల్పి ఈయనే. ఈయన కాగితం మీద గీసిన స్మారకానికీ ఈనాడు మనం చూసే దానికీ పోలిక తక్కువ. 600 అడుగుల ఎత్తు స్తంభం, దాని కొస దాదాపు చదునుగా ఉంటుంది. అడుగున 100 అడుగుల ఎత్తులో, 30 స్తంభాలతో గుండ్రటి మండపం ఉంటుంది. మండపం పైన రథం తోలుతున్న వాషింగ్టన్, లోపల స్వాతంత్ర్య యోధుల విగ్రహాలు. గ్రీకు గుడి, ఈజిప్టు స్తంభం, రోమను రథం ఒకే విస్తట్లో వడ్డించినట్టు ఉన్న ఆ నమూనాకు పది లక్షల డాలర్లు దాటుతుందని అంచనా వేశారు. మండపం కట్టడానికి డబ్బు ఎప్పటికీ కుదరకపోవడం కళ దృష్టితో చూస్తే ఒక మేలే అయిందని నా అభిప్రాయం.

1848 జులై 4న శంకుస్థాపన జరిగింది. నక్షా ప్రకారం స్తంభం వైట్‌హౌస్‌కు సరిగ్గా దక్షిణంగా, కాపిటల్‌కు సరిగ్గా పడమరగా రావాలి. కానీ ఆ రెండు గీతలూ కలిసే చోట నేల మెత్తగా ఉండటంతో దాదాపు 390 అడుగులు తూర్పు ఆగ్నేయానికి జరిపి పునాది తీశారు. అందుకే ఈనాటికీ వైట్‌హౌస్ నుంచి చూస్తే స్తంభం మధ్యగీతకు కొంచెం ఎడంగా నిలబడుతుంది. 24,500 పౌండ్లు, అంటే దాదాపు 11 టన్నులు తూగే పాలరాతి మూలరాయిని అమర్చేటప్పుడు, 1793లో కాపిటల్ శంకుస్థాపనకు వాషింగ్టన్ స్వయంగా వాడిన తాపీనే మళ్లీ వాడారు. అధ్యక్షుడు జేమ్స్ పోక్ హాజరయ్యారు. మాడిసన్ భార్య డాలీ, తొంభై ఏళ్ల వయసులో దేశపు తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ భార్య ఎలిజబెత్ వచ్చి కూర్చున్నారు. ప్రతినిధుల సభ స్పీకరు రాబర్ట్ వింత్రోప్ ప్రధానోపన్యాసం చేశారు. ఆయన పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. స్వేచ్ఛ గురించి ఆ ఉపన్యాసం సాగుతున్న నగరంలోనే ఆ రోజుల్లో బానిసల క్రయవిక్రయాలు చట్టబద్ధంగా జరిగేవి. 1850 దాకా ఆ వ్యాపారాన్ని నిషేధించలేదు. వాషింగ్టన్ మౌంట్ వెర్నన్ ఎస్టేటులో ఆయన చనిపోయేనాటికి 317 మంది బానిసలు ఉండేవారు. వారిలో తన సొంతమైన 123 మందికి విముక్తి ఇవ్వాలని ఆయన వీలునామా రాశాడు. మీ వ్యాసంలో ఈ ఊసు లేదు. స్మారకం గురించి రాసేటప్పుడు ఉండదగిన ఊసేనని అనుకుంటున్నాను.

పని మొదలయ్యాక చందాలు మందగించాయి. 1849లో అలబామా రాష్ట్రం, డబ్బుకు బదులు మా నేలలో దొరికే రాయి చెక్కించి పంపుతామంది. సంఘానికి ఈ ఆలోచన నచ్చి, అందరినీ అడిగింది. రాష్ట్రాలు, నగరాలు, అగ్నిమాపక దళాలు, మద్యపాన వ్యతిరేక సంఘాలు, విదేశాలు వరసగా రాళ్లు పంపాయి. 190కి పైగా రాళ్లు ఈనాడు లోపలి గోడలకు పొదిగి ఉన్నాయి. డబ్బు రాకపోయినా ఈ రాళ్ల వల్ల స్తంభం లోపల చిన్న ప్రపంచమే తయారైంది. అమెరికాలో స్థిరపడిన వేల్స్ ప్రజలు పంపిన రాయి మీద వారి సొంత భాషలో ‘నా భాష, నా నేల, నా జాతి వేల్స్, వేల్స్ ఎల్లకాలం ఉండుగాక’ అని చెక్కి ఉంటుంది. పరాయి దేశపు నాయకుడి స్మారకంలో తమ భాష పేరే ముందు చెక్కించుకున్న ఆ మనుషులు, బయటి దేశాల్లో ఉంటున్న మన తెలుగువాళ్లకు వెంటనే అర్థమవుతారు. చైనా నుంచి వచ్చిన రాయి మీద అక్కడి పెద్ద అధికారి షూ జీయూ రాసిన వాక్యాలున్నాయి. వాషింగ్టన్ రాజు అనిపించుకోలేదని, దేశాన్ని తన వంశానికి కట్టబెట్టలేదని ఆయన మెచ్చుకున్నాడు. చక్రవర్తి పాలనలో ఉద్యోగం చేస్తూ అంత మాట రాయడానికి ధైర్యం కావాలి. ఇప్పుడు లిఫ్టులో దిగేటప్పుడు కొన్ని చోట్ల వేగం తగ్గించి అద్దాల్లోంచి ఈ రాళ్లను చూపిస్తారు. ఒక్కో రాయీ కళ్లముందు నిలిచేది కొన్ని క్షణాలే.

ఆ రాళ్లలో ఒకదాని దగ్గరే పని చెడింది. పోప్ తొమ్మిదో పయస్, రోమ్‌లోని ప్రాచీన కాంకార్డ్ ఆలయానికి చెందిన పాలరాతి ముక్కను కానుకగా పంపారు. కాంకార్డ్ అంటే సామరస్యం. ఐర్లండ్, జర్మనీల నుంచి కాథలిక్కులు పెద్ద సంఖ్యలో వలస వస్తున్న కాలమది. వారంటే గిట్టని స్థానికులు దేశమంతటా గుంపు కడుతున్నారు. పోప్ రాయిని స్తంభంలో పెడితే పోప్ పెత్తనాన్ని ఒప్పుకున్నట్టేనని కరపత్రాలు వేశారు. 1854 మార్చి 6 తెల్లవారుజామున కొందరు వచ్చి, కాపలాదారును అతని గదిలోనే బంధించి, ఆ రాయిని ఎత్తుకుపోయారు. పొటోమాక్ నదిలో పడేశారని లోకం చెప్పుకుంది. ఎవరికీ శిక్ష పడలేదు. పోయిన రాయికి బదులు కొత్త రాయి రావడానికి 1982 దాకా పట్టింది.

మరుసటి ఏడాది ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. ఆ వలస వ్యతిరేకుల పార్టీని జనం ‘నాకేమీ తెలియదు’ పార్టీ అనేవారు. రహస్య సంఘంగా మొదలైంది కనుక, సభ్యులను ఎవరు ఏమడిగినా ‘నాకేమీ తెలియదు’ అనే జవాబిచ్చేవారు. స్తంభానికి 2 లక్షల డాలర్లు ఇవ్వడానికి కాంగ్రెస్ సిద్ధమవుతున్న 1855 ఫిబ్రవరిలో, ఈ పార్టీవాళ్లు దొంగ ఎన్నిక జరిపించుకుని స్మారక సంఘాన్నే చేజిక్కించుకున్నారు. కాంగ్రెస్ వెంటనే ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. చందాలు ఇచ్చేవాళ్లు మొహం చాటేశారు. మూడేళ్లపాటు పెత్తనం చేసినవాళ్లు చేసిన పని ఏమిటంటే, అంతకుముందు మేస్త్రీలు పనికిరాదని పక్కన పడేసిన రాళ్లను ఏరి కొన్ని వరసలు పేర్చడం. తర్వాత వచ్చిన ఇంజనీర్లు ఆ వరసలను ఊడదీయాల్సి వచ్చింది. 1855 మార్చిలోనే రాబర్ట్ మిల్స్ కూడా చనిపోయాడు. 1858లో పాత సంఘం తన దస్తావేజులను తిరిగి తీసుకునేసరికి చేతిలో డబ్బు లేదు, ఊళ్లో పరపతి లేదు. మూడేళ్ల తర్వాత యుద్ధం వచ్చింది. యుద్ధం ఆగిపోయిన పనిని మొదలు కానివ్వలేదు, నిజమే. ఆపింది మాత్రం అది కాదు.

యుద్ధకాలంలో స్తంభం చుట్టూ ఉన్న మైదానంలో సైన్యానికి మాంసం కోసం పశువులను మేపారు, అక్కడే కోసేవారు. ఆ తర్వాత కూడా దాదాపు 150 అడుగుల మొండి స్తంభం ఊరి మధ్య ఎండకు ఎండి వానకు తడిసింది. దానిని కూల్చేయాలన్నవాళ్లున్నారు, వేరే శైలిలో పూర్తి చేయాలని కొత్త నమూనాలు గీసినవాళ్లున్నారు. స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండిన 1876లో గానీ కాంగ్రెస్‌కు సిగ్గు వేయలేదు. ఆ ఆగస్టులో 2 లక్షల డాలర్లు మంజూరు చేసి పనిని ప్రభుత్వమే తీసుకుంది. 1878లో సైనిక ఇంజనీరింగ్ దళానికి చెందిన లెఫ్టినెంట్ కర్నల్ థామస్ లింకన్ కేసీకి బాధ్యత అప్పగించింది.

సంపాదకులు గారూ, ఉత్తరాన్ని కుదించాల్సి వస్తే ఎక్కడైనా కుదించండి గానీ ఈ పేరాను మాత్రం ఉంచమని మనవి, ఎందుకంటే ఈ కట్టడంలో అసలైన ఘనత ఎవరికీ కనబడకుండా మట్టి కింద ఉంది. మిల్స్ వేయించిన పునాది 80 అడుగుల చదరం. మెట్లుమెట్లుగా పేర్చిన బండరాళ్లతో కట్టిన ఆ పునాది లోతు గానీ వెడల్పు గానీ 500 అడుగులు దాటే స్తంభానికి ఎంతమాత్రం చాలవు. అప్పటికే స్తంభం స్వల్పంగా ఒకవైపు ఒరిగింది కూడా. కొత్తగా కట్టేదైతే పునాది పెంచడం పెద్ద విద్య కాదు. వేల టన్నుల రాయి నెత్తిన నిలబడి ఉండగా దాని కాళ్ల కింద మట్టి తీయడం మాత్రం సాహసమే. కేసీ ఒక్కసారిగా తవ్వలేదు. నాలుగేసి అడుగుల వెడల్పున సన్నటి సొరంగాలు, ఎదురెదురు వైపుల నుంచి జంటలుగా తవ్వించి, ఒక జంటను కాంక్రీటుతో నింపి గట్టిపడ్డాకే పక్క జంటను తవ్వించాడు. అలా పాత పునాది అంచు లోపలికి 18 అడుగులు, బయటికి 23 అడుగుల 3 అంగుళాలు చాచిన కాంక్రీటు పరుపు 13 అడుగుల 6 అంగుళాల మందాన తయారైంది. 80 అడుగుల చదరం కాస్తా 126 అడుగుల 6 అంగుళాల చదరమైంది. పాత పునాది పక్కలను కొంతమేర తొలిచి, ఈ పరుపు మీది నుంచి స్తంభం గోడల కిందికి కాంక్రీటు ఊతం కూడా పోశారు. ఈ పని జరిగినన్నాళ్లూ స్తంభం ఎటు ఒరుగుతోందో, ఎంత దిగుతోందో లోపల వేలాడదీసిన తీగతో, మట్టసం చూసే పరికరాలతో పట్టుబట్టి కొలిచేవారు. 1880 మధ్యకు పునాది పని ముగిసింది. పాత ఇంటికి పిల్లర్లు మార్చిన మేస్త్రీని అడగండి, ఆ రాత్రుళ్లు కేసీకి నిద్ర పట్టి ఉంటుందా లేదా అన్నది అతనే చెబుతాడు.

1880 ఆగస్టు 7న అధ్యక్షుడు హేస్ 150 అడుగుల ఎత్తుకు వెళ్లి, చిన్న నాణెం మీద తన పొడి అక్షరాలూ తేదీ గీకి, తడి మాలులో ఉంచి, దాని మీద రాయి వేయించారు. మండపం ఊసు ఎత్తేశారు. ఇటలీలో అమెరికా రాయబారిగా ఉన్న జార్జ్ పెర్కిన్స్ మార్ష్, ఈజిప్టు ఒబెలిస్కుల, అంటే కొస కూచిగా ఉండే నలుపలకల రాతి స్తంభాల కొలతలు పరిశీలించి, అడుగుభాగం వెడల్పుకు పదింతల ఎత్తు ఉంటేనే ఆ ఆకారానికి అందమని ఉత్తరాలు రాశారు. అడుగుభాగం వెడల్పు 55 అడుగులు దాటి అంగుళంన్నర, కనుక ఎత్తు 555 అడుగుల చిల్లర అయింది. ఒక రాయబారి రాసిన ఉత్తరాల వల్ల ఒక దేశపు స్మారకానికి రూపం కుదరడం నాకెప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక రంగు సంగతి. దిగువ భాగానికి వాడిన పాలరాయి టెక్సాస్‌ది. ఇది టెక్సాస్ రాష్ట్రం కాదు, మేరీల్యాండ్‌లో బాల్టిమోర్‌కు ఉత్తరాన ఉన్న టెక్సాస్ అనే చిన్న ఊరు. మీ వ్యాసకర్తతో పాటు చాలామంది పొరబడేది ఇక్కడే. పని మళ్లీ మొదలయ్యాక మసాచుసెట్స్‌లోని షెఫీల్డ్ నుంచి తెప్పించిన రాయితో కొన్ని వరసలు కట్టారు. ఆ రాయి నాణ్యతా కుదరలేదు, సమయానికి అందనూ లేదు. దాంతో మళ్లీ మేరీల్యాండ్‌కే, టెక్సాస్‌కు పక్కనే ఉన్న కాకీస్‌విల్ క్వారీకి వెళ్లారు. కట్టినప్పుడు రంగులు దాదాపు కలిశాయి. ఎండా వానా తగిలిన కొద్దీ ఒక్కో క్వారీ రాయి ఒక్కో తీరున మారడంతో తేడా బయటపడింది. జాగ్రత్తగా చూస్తే రంగులు రెండు కాదు, మూడు. మధ్యలో షెఫీల్డ్ రాయి సన్నటి పట్టీలా కనబడుతుంది. రెండోసారి వెళ్లినప్పుడు నేను కింది వరస రాయి మీద అరచేయి ఆనించి చూశాను. ముతక పలుకుల రాయి. సాయంత్రపు ఏటవాలు వెలుతురులో పటిక ముక్కను విరిచినట్టు పలుకులు తళుక్కుమంటాయి. అక్కడి పాతకాలపు రాతి పనివాళ్లు ఈ రకాన్ని పటిక రాయి అనే పిలిచేవారు. తెనాలి పెద్దమనిషి అన్నట్టు కాంట్రాక్టరు మారాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

గోడల మందం అడుగున 15 అడుగులు, పైకి వెళ్లేసరికి అడుగున్నర. గోడలో ఎక్కడా ఉక్కు చువ్వ లేదు, రాయి బరువు రాయి మీద ఆని నిలబడింది. లోపలి ఇనుప చట్రం మెట్లనూ లిఫ్టునూ మోయడానికే. 1884 డిసెంబరు 6న, ఈదురుగాలిలో, 3,300 పౌండ్ల కొసరాయిని ఎక్కించి దాని మీద 100 ఔన్సుల అల్యూమినియం ముక్కను తొడిగారు. నేటి కాలంలో వంటింటి గిన్నె లోహం అనిపించే అల్యూమినియం ఆ రోజుల్లో వెండి ధర పలికేది. ఫిలడెల్ఫియాకు చెందిన విలియం ఫ్రిష్‌మత్ పోతపోసిన ఆ ముక్కను వాషింగ్టన్‌కు తెచ్చే ముందు న్యూయార్క్‌లోని టిఫనీ నగల దుకాణంలో నేల మీద ప్రదర్శనకు పెడితే, వాషింగ్టన్ స్తంభం కొసను దాటామని చెప్పుకోవడానికి జనం దాని మీదుగా గెంతారట. రెండేళ్లకే, 1886లో, అల్యూమినియం చౌకగా తీసే పద్ధతి వచ్చి లోహం విలువ పడిపోయింది. పిడుగుపాటు నుంచి కాపాడుతుందని పెట్టిన ఆ కొస 1885 జూన్‌లోనే పిడుగుకు గురై కింది రాయి ఒకటి చిట్లింది. ఆ తర్వాత అదనంగా రాగి కడ్డీలు అమర్చారు. ఇంత పెద్ద స్తంభానికి బయటివైపు ఎక్కడా వాషింగ్టన్ పేరు గానీ, బొమ్మ గానీ, ప్రశస్తి గానీ లేదు. చెక్కిన నాలుగు మాటలూ ఆ కొస లోహం మీదే ఉన్నాయి, పక్షులకు తప్ప ఎవరికీ కనబడవు. గుమ్మానికి సున్నం వేయించినా దాత పేరు నల్లరంగుతో రాయించుకునే మనబోటి వాళ్లకు ఇది వింతగానే ఉంటుంది.

1885 ఫిబ్రవరి 21న స్తంభాన్ని జాతికి అంకితం చేశారు. వాషింగ్టన్ పుట్టినరోజు 22న, అది ఆదివారం కావడంతో ముందురోజే జరిపారు. 1848లో శంకుస్థాపన ఉపన్యాసం చేసిన వింత్రోప్‌నే, 37 ఏళ్ల తర్వాత, అంకితోత్సవానికీ ఉపన్యాసం రాయమన్నారు. ఆయన రాశాడు గానీ జబ్బు పడి రాలేకపోతే మరొకరు చదివారు. మొత్తం ఖర్చు 11,87,710 డాలర్లు. ప్రజలకు తలుపులు తెరిచింది 1888 అక్టోబరులో. మొదట్లో రాళ్లు మోసిన ఆవిరి లిఫ్టే మనుషులనూ మోసింది, పైకి చేరడానికి పది పన్నెండు నిమిషాలు పట్టేది. ప్రపంచంలో అత్యంత ఎత్తైన కట్టడం అన్న పేరు 1889లో పారిస్‌లో ఈఫిల్ టవర్ లేవడంతో పోయింది. ప్రధానంగా రాతితో కట్టినవాటిలో ఎత్తైనది అన్న పేరు మాత్రం ఇప్పటికీ ఉంది.

మీ వ్యాసంలో మరో రెండు మాటలు సరిదిద్దాలి. వాషింగ్టన్ సమాధి ఈ స్తంభం కింద లేదు. ఆయన కోరుకున్నట్టే మౌంట్ వెర్నన్‌లో ఉంది. అలాగే ‘ఈ స్తంభం కన్నా ఎత్తైన భవనం రాజధానిలో కట్టకూడదని చట్టం ఉంది’ అన్నది కూడా నిజం కాదు. మా అబ్బాయి కూడా ఇదే చెప్పాడు, అక్కడ అందరూ అదే చెబుతారు. 1894లో కైరో అనే 164 అడుగుల అపార్ట్‌మెంటు లేచినప్పుడు, నిప్పంటుకుంటే అంత ఎత్తుకు నీళ్లు అందవని చుట్టుపక్కలవాళ్లు గోల చేస్తే 1899లో ఒక చట్టం, దాని స్థానంలో 1910లో మరో చట్టం వచ్చాయి. 1910 చట్టం ప్రకారం భవనం ఎత్తు, ఎదురుగా ఉన్న వీధి వెడల్పుకు 20 అడుగులు కలిపినంత దాకా వెళ్లవచ్చు, మామూలుగా 130 అడుగులు మించకూడదు. అందులో స్తంభం ప్రసక్తే లేదు.

2011 ఆగస్టు 23న వర్జీనియాలోని మినరల్ అనే ఊరి దగ్గర 5.8 తీవ్రతతో వచ్చిన భూకంపం గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ రోజు కొస భాగంలోని పాలరాతి పలకలు పగిలి, లోపలి నుంచి చూస్తే బీటల్లో పగటి వెలుతురు కనిపించింది. తాళ్లకు వేలాడుతూ ఇంజనీర్లు నాలుగు ముఖాలనూ ఒక్కో రాయీ తట్టి పరీక్షించారు. మరమ్మతుకు ఖర్చయిన కోటిన్నర డాలర్లలో సగం ఒక దాత ఇచ్చాడు. ఏడాదికి ఒక డాలరు మించి తీసుకోకూడదన్న పాత సంఘంవాళ్లు అది చూస్తే ఏమనేవారో. 2014 మే 12న మళ్లీ తెరిచారు, 2016లో లిఫ్టు పాడై మూసి 2019 సెప్టెంబరులో గానీ తెరవలేదు. అంత కుదుపులోనూ పైన పలకలు పగిలాయి గానీ కేసీ పోయించిన పునాది చెక్కుచెదరలేదు.

మీ పత్రిక సవరణల శీర్షికలో ఫొటో కింది మాటను మార్చి వేయవలసిందిగా కోరుతున్నాను. స్థలం తక్కువైతే ఇంతే వేయండి: ‘1854లో పోప్ కానుకగా పంపిన రాయిని ఎత్తుకుపోయి, మరుసటి ఏడాది స్మారక సంఘాన్ని చేజిక్కించుకున్నవారి వల్ల పని పాతికేళ్లు ఆగిపోగా, తిరిగి మొదలయ్యాక వేరే క్వారీల రాయి వాడటం వల్ల ఏర్పడిన రంగు తేడా.’

ఇట్లు,
మీ పాతికేళ్ల పాఠకుడు,
విశ్రాంత ఇంజనీరు, గుంటూరు